ఆపరేషన్ బాగానే జరిగింది... మరి అయ్యకేమైంది?

విరిగిన ఎముక కుదిరింది. కుట్లు మానుతున్నాయి. కానీ మనిషే మనిషిలా లేరు! ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లలో వచ్చే ఈ కలవరం పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. మెదడు చేస్తున్న ఫిర్యాదు. దాన్ని ముందుగా వినగలిగేది డాక్టరు కాదు, మంచం పక్కన కూర్చున్న మీరే.

మధ్యాహ్నం తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది. సాయంత్రానికి మెలకువ వచ్చింది. కొడుకుని పేరు పెట్టి పిలిచారు. కోడలిని మంచినీళ్లు అడిగారు. 'ఇంకేం భయం లేదు' అన్నారు డాక్టరు. చుట్టాలంతా ఊపిరి పీల్చుకుని ఊళ్లకు బయల్దేరారు.

రెండోరోజు రాత్రి పదకొండింటికి కథ మారింది. డెబ్భై అయిదు దాటిన ఆ పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని సెలైన్ పైపు పీకేశారు. 'ఆవుల్ని కట్టీసినారేటి? సేను కాడికెల్లాల' అంటున్నారు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటున్నారు. కన్నకొడుకు చెయ్యి పట్టుకుని 'నువ్వెవులు బాబూ?' అని అడుగుతున్నారు. తెల్లారేసరికి మళ్లీ మామూలే. కాఫీ తాగారు, మనవడి చదువు గురించి అడిగారు. చీకటి పడగానే మళ్లీ మొదలు!

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. విజయనగరమైనా, బొబ్బిలైనా, విశాఖ కేజీహెచ్ అయినా... ఎముకల వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన ఏ సిస్టర్‌కైనా కొత్త కాని సంగతే. కొత్తగా ఉండేది ఇంటివాళ్లకే. వరండాలో గుసగుసలు మొదలవుతాయి. 'మత్తు ఎక్కువిచ్చేశారు' అంటారొకరు. 'గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దాం' అంటారు మరొకరు. కొంచెం లోకం చూసినాయన 'వయసైపోయింది కదా, అంతే' అని తేల్చేస్తారు. ఈ మూడింట్లో చివరిదే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే ఆ మాట విన్నాక ఇంకెవరూ డాక్టరును పిలవరు.

చాలు తప్పిన నాగలి

దీన్ని వైద్యులు 'డెలీరియం' అంటారు. లాటిన్ మాట. 'డే లీరా' అంటే చాలు తప్పడం అని అర్థం. దున్నుతున్న నాగలి ఉన్నట్టుండి చాలు దాటి పక్కకు పోతే ఎలా ఉంటుందో, మనసు అలా దారి తప్పడమన్నమాట. పొలం చేసిన ఇంట పుట్టినవాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. మన పెద్దలకీ దీనికో మాట ఉంది... సంధి. జ్వరం తలకెక్కినప్పుడు 'సంధి ప్రేలాపన' అనేవారు గుర్తుందా? అదే ఇది. కాకపోతే ఇక్కడ జ్వరం బదులు ఆపరేషన్.

సంగతి పాతదే. 1955లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన బెడ్‌ఫర్డ్ అనే డాక్టరు, మత్తు తీసుకుని ఆపరేషన్ చేయించుకున్న యాభై దాటిన 1,193 మంది వివరాలు తిరగేసి 'లాన్సెట్' పత్రికలో రాశారు. 'ఆపరేషన్ తర్వాత మా నాన్న మళ్లీ మునుపటి మనిషి కాలేదు' అని ఇంటివాళ్లు చెప్పుకునే మాటని కొట్టిపారేయకూడదన్నది ఆయన వాదన. ఆ తర్వాత జరిగిన అధ్యయనాలు లెక్కలు తేల్చాయి. పెద్ద వయసువాళ్లకి ముందుగా అనుకుని చేసే పెద్ద ఆపరేషన్ల తర్వాత నూటికి 15 నుంచి 25 మందిలో డెలీరియం కనిపిస్తుంది. తుంటి విరిగి హడావిడిగా చేసేవాటిలో, గుండె ఆపరేషన్లలో అది యాభై దాకా వెళ్లొచ్చు. అంటే ఇద్దరిలో ఒకరు! కుట్టు దగ్గర చీము పట్టడం గురించి అందరం జాగ్రత్త పడతాం. దీని గురించి మాత్రం ఆపరేషన్‌కి ముందు ఒక్కరూ నోరు విప్పరు.

మతిమరుపు వ్యాధికీ దీనికీ తేడా ఉంది. డిమెన్షియా ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో ముంచుకొస్తుంది. పొద్దున్న ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ముఖ్యంగా ధ్యాస నిలవదు. అయితే రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. లోపల్లోపల మతిమరుపు మొదలైనవాళ్లకే సంధి తొందరగా వస్తుంది. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా కట్టింది. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. 'తాళాలెక్కడ పెట్టానో మర్చిపోతున్నాను' దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

అరిచేవాళ్ల కంటే... మౌనంగా ఉన్నవాళ్లే

పైపులు పీకి, కేకలు పెట్టే రోగిని వార్డంతా చూస్తుంది. డాక్టరూ పరుగెత్తుకొస్తారు. కానీ డెలీరియంలో రెండోరకం ఉంది. ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటారు. పిలిస్తే కళ్లు తెరుస్తారు, మళ్లీ మూసేస్తారు. నోట్లో పెట్టిన ముద్ద నోట్లోనే ఉంటుంది. 'పాపం, అలిసిపోయింది. పడుకోనీండి' అంటారు చూసినవాళ్లు. సిస్టర్ కూడా 'ఈ మామ్మ ఏ ఇబ్బందీ పెట్టదు' అని మెచ్చుకుంటుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చేదీ, ఎక్కువగా చూపు తప్పించుకునేదీ ఈ మౌనపు సంధే. దీని వెనక ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, ఒంట్లో సోడియం పడిపోయి ఉండొచ్చు, ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు, మూత్రం బిగిసిపోయి ఉండొచ్చు. పడుకోనిచ్చి చూద్దామనుకునేలోపు ఒక రోజు గడిచిపోతుంది.

ఆ ఒక్క రోజుకి విలువెంత? అమెరికాలోని బోస్టన్‌లో డెబ్భై దాటిన 560 మందిని ఆపరేషన్ తర్వాత ఆరేళ్లపాటు గమనించారు. డెలీరియం వచ్చినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచనశక్తి తగ్గే వేగం మిగతావాళ్ల కంటే 40 శాతం ఎక్కువగా ఉందని 2023లో ప్రకటించారు. సంధి వల్లే అలా అయిందా, లేక ముందునుంచీ బలహీనంగా ఉన్న మెదడుకే సంధి వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. ఏదైనా, 'రెండ్రోజుల్లో అదే పోతుందిలే' అని తీసిపారేసే విషయం మాత్రం కాదు.

గుర్తుపట్టడం ఎలా? ఇంట్లోవాళ్లకు ఒక తేలిక పద్ధతి ఉంది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి. ఆదివారం, శనివారం, శుక్రవారం... అలా. బడి మొహం చూడని మామ్మ కూడా సంత రోజు లెక్కపెట్టుకుంటూ బతికిందే కదా, మామూలుగా ఉంటే చెప్పేస్తుంది. మధ్యలో ఆగిపోయి, ఏం అడిగారో మర్చిపోయి, పైకప్పు వైపు చూస్తుంటే అనుమానించాలి. ఇది కేవలం అనుమానానికే. అసలు పరీక్ష డాక్టరే చేయాలి. దానికి అమెరికా వైద్యురాలు షారన్ ఇనోయీ 1990లో తయారుచేసిన చిన్న ప్రశ్నావళి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అందులో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఈ మార్పు ఉన్నట్టుండి వచ్చిందా అని. దానికి జవాబు ఇంటివాళ్ల దగ్గరే దొరుకుతుంది. నిన్నటిదాకా ఆ మనిషి ఎలా ఉండేవారో వార్డులో మరెవరికీ తెలియదు.

రాత్రిపూట ఊడ్చే వీధి

ఇంతకీ మెదడు లోపల ఏం జరుగుతోంది? ఇక్కడే గత పదిహేనేళ్లలో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది.

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పగలంతా ఎంత రద్దీ ఉంటుందో తెలిసిందే. కూరగాయల తుక్కు, కాగితాలు, ప్లాస్టిక్ సంచులు... జనం ఉండగా ఊడ్వడం ఎవరి తరం? ఊరు పడుకున్నాకే చీపురు పట్టాలి. మెదడుదీ అదే పరిస్థితి. బరువులో ఒంట్లో 2 శాతమే. తినేది మాత్రం ఒంటికి అందే శక్తిలో అయిదో వంతు. అంత పని జరిగేచోట అంత చెత్తా పోగవుతుంది. మిగతా శరీరంలో చెత్త మోసుకెళ్లడానికి లింఫు నాళాలున్నాయి. మెదడు కణజాలంలో అవి లేవు. మరి చెత్త ఎటు పోతోంది?

2012లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెడర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ బృందం ఎలుకల్లో దీనికి సమాధానం చూపించింది. మెదడు చుట్టూ ఉండే ద్రవం రక్తనాళాల పక్కనున్న సన్నని సందుల్లోంచి లోపలికి పారి, కణాల మధ్య చెత్తను కడుక్కుంటూ బయటికి పోతుంది. మన ఒంట్లో ఈ ద్రవం రోజుకి అరలీటరు దాకా తయారవుతుంది. ఆస్ట్రోసైట్లనే కణాలు తమ పాదాల్లోని నీటి తూముల ద్వారా ఆ పారుదలకి సాయం చేస్తాయి. దీనికి 'గ్లింఫాటిక్ వ్యవస్థ' అని పేరు పెట్టారు. మరుసటేడు, 2013లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. ఎలుక నిద్రపోయినప్పుడు మెదడు కణాల మధ్య ఖాళీ 60 శాతం పెరుగుతోందట. అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ అనే వ్యర్థం నిద్రలోనే వేగంగా పోతోందట. వయసు మీరిన ఎలుకల్లో ఈ కడుగుడు మందగిస్తుందని తర్వాత తేలింది.

ఇప్పుడు ఆపరేషన్ అయిన ముసలాయన్ని తలుచుకోండి. అసలే వయసు వల్ల చీపురు అరిగింది. పెద్ద ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర బాగా తగ్గిపోతుంది. నొప్పి, సెలైన్, అర్ధరాత్రి బీపీ పరీక్ష, నెత్తి మీద ట్యూబులైటు, పక్క మంచం ఆయన సెల్‌ఫోన్లో సీరియల్. మరోవైపు, కోత పడ్డచోట పుట్టిన వాపు రసాయనాలు రక్తంలో కలిసి మెదడునీ కదిలిస్తాయి. చెత్త పెరిగింది, ఊడ్చే వేళ పోయింది. సంధికి ఇదొక కారణం కావచ్చన్నది శాస్త్రవేత్తల ఊహ.

'కావచ్చు' అన్న మాటని గట్టిగానే పట్టుకోవాలి. ఎందుకంటే 2024లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ బృందం ఎలుకల మీదే వేరే పద్ధతిలో కొలిచి, నిద్రలోనూ మత్తులోనూ ఈ శుభ్రత పెరగడం కాదు, తగ్గుతోందని చెప్పి కలకలం రేపింది. వాదన ఇంకా నడుస్తోంది. మనుషుల్లో అదే ఏడాది, బ్రెయిన్ ఆపరేషన్ చేయించుకున్న అయిదుగురికి స్కానింగ్ తీసి, ద్రవం రక్తనాళాల వెంబడే లోపలికి వెళ్లడాన్ని అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు చూపించారు. దారి ఉందన్నది దాదాపు ఖాయం. ఆ దారి ఎప్పుడు ఎంత పారుతుందన్నదే తగువు. చెత్త సంగతి ఎటు తేలినా, నిద్ర చెడితే సంధికి దారి సులువవుతుందన్నది మాత్రం వార్డుల్లో కళ్లముందు కనిపిస్తున్నదే.

మత్తు నిద్ర కాదు

'మత్తులో అన్ని గంటలు పడుకున్నారు కదా, ఇంకా నిద్రేంటి?' అనుకోవడం సహజం. మత్తు వేరు, నిద్ర వేరు. మందుతో తెలివి తప్పించడం వల్ల సహజనిద్రలోని దశలన్నీ వరసగా నడవవు. అందుకే రాత్రి నిద్ర పట్టడం లేదని పెద్దవాళ్లకి నిద్రమాత్ర వేయించమని సిస్టర్‌ని బతిమాలడం మంచిది కాదు. అల్‌ప్రజోలం, డయాజెపాం రకం మాత్రలు సంధిని తగ్గించవు సరికదా పెంచుతాయి. అవిల్ లాంటి పాతకాలపు అలర్జీ మందులదీ అదే తీరు.

'ఒళ్లంతా మత్తు ఇవ్వడం వల్లే ఇలా అయింది, వెన్నుకిచ్చి ఉంటే బాగుండేది' అన్న మాట తరచూ వినిపిస్తుంది. 2021లో ఈ విషయం మీద రెండు పెద్ద పరీక్షల ఫలితాలొచ్చాయి. అమెరికా, కెనడాల్లో 1,600 మంది తుంటి రోగులపై ఒకటి, చైనాలో 950 మందిపై మరొకటి. రెండింట్లోనూ వెన్నుమత్తుకీ పూర్తి మత్తుకీ సంధి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి మత్తు డాక్టరును తిట్టుకునే ముందు ఆగడం మంచిది. డెక్స్‌మెడిటోమిడిన్ అనే మందు సహజనిద్రకి కొంత దగ్గరగా ఉంటుంది. బీజింగ్‌లో ఐసీయూలో చేరిన 65 దాటిన 700 మందిపై దాన్ని కొద్ది మోతాదులో వాడినప్పుడు సంధి 23 శాతం నుంచి 9కి తగ్గిందని 2016లో చెప్పారు. తర్వాతి పరీక్షలన్నింట్లో అంత ఫలితం రాలేదు. బీపీ, గుండె వేగం పడిపోయే ప్రమాదం కూడా ఉన్న మందది. సంధి రాకుండా ఆపుతుందని నమ్మకంగా చేతిలో పెట్టగల మాత్ర ఇప్పటికైతే లేదు.

మందు కంటే మనిషి

మరైతే ఏముంది? ఇక్కడే ఉత్తరాంధ్ర కుటుంబాలు కాస్త తల ఎత్తుకోవచ్చు.

షారన్ ఇనోయీ బృందం 1999లో అమెరికాలోని ఒక ఆసుపత్రిలో డెబ్భై దాటిన 852 మంది మీద ఒక ప్రయోగం చేసింది. వాళ్లు ఆపరేషన్ రోగులు కాదు, మామూలు వార్డులో చేరినవాళ్లు. ప్రయోగంలో కొత్త మందేమీ లేదు. శిక్షణ పొందిన వాలంటీర్లు వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు, తేదీ వారం గుర్తుచేసేవారు, కళ్లజోడు పెట్టేవారు, నీళ్లు తాగించేవారు, నడిపించేవారు. రాత్రి గోరువెచ్చని పాలిచ్చి, వీపు నిమిరి పడుకోబెట్టేవారు. అంతే! సంధి 15 శాతం నుంచి 9.9 శాతానికి దిగింది. మన ఊళ్లలో కూతురో, కోడలో, తమ్ముడో మంచం కింద చాప పరుచుకుని చేసే పనే ఇది. వాళ్లు వాలంటీర్లను పెట్టి నేర్పించుకోవాల్సి వచ్చింది.

చైనాలోని చెంగ్దూలో వెస్ట్ చైనా హాస్పిటల్ వైద్యులు ఒక అడుగు ముందుకేశారు. బయటి వాలంటీర్ల బదులు ఇంటివాళ్లకే ఈ పనులు నేర్పారు. డెబ్భై దాటి ఆపరేషన్ చేయించుకున్న 281 మందిలో, మామూలు వైద్యం అందినవాళ్లలో 19.4 శాతానికి సంధి వస్తే, ఇంటివాళ్లు పద్ధతిగా చూసుకున్నవాళ్లలో 2.6 శాతానికే వచ్చింది. ఈ ఫలితం 2020లో వెలువడింది. సరిగ్గా ఆ ఏడాదే కరోనా ఆసుపత్రుల తలుపులు మూయించింది. ఐసీయూల్లో చేరిన రెండువేల మందికి పైగా కరోనా రోగుల్ని పరిశీలిస్తే, ఇంటివాళ్లు కనీసం వీడియోలోనైనా పలకరించినవాళ్లకు సంధి తక్కువగా వచ్చిందట.

అయితే మంచం పక్కన ఉండటం వేరు, మంచం చుట్టూ మూగడం వేరు. పరామర్శ పేరుతో పగలంతా పదిమంది, హార్లిక్స్ సీసాలు, అరటిపళ్లు, 'మా బావమరిదికి కూడా ఇలాగే అయి పోయాడు' అనే ఓదార్పులు! సాయంత్రానికి రోగి కంటే ముందు తోడున్న మనిషి అలిసిపోయి నిద్రపోతారు. సంధి మొదలయ్యేదేమో రాత్రి. అందుకే చుట్టాలు వంతులు వేసుకోవాలి. రోజూ చూసే ముఖాలు ఇద్దరు ముగ్గురు చాలు. పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటే కనీసం మొదటి మూడు రాత్రులకి సెలవు చూసుకోవాలి. ఆపరేషన్ రోజుకి కాదు, ఆ తర్వాతి రాత్రులకి!

ఇంటినుంచి తేవలసినవి ఖరీదైనవేం కావు. కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు... ఈ మూడూ పోతాయన్న భయంతో బీరువాలో భద్రంగా పెట్టి వస్తారు చాలామంది. కనపడక, వినపడక, అరవై కిలోమీటర్ల దూరంలోని విశాఖలో, తెలియని గదిలో, తెలియని ముఖాల మధ్య కళ్లు తెరిచిన మనిషి కంగారు పడకుండా ఎలా ఉంటారు? పెద్ద అంకెల క్యాలెండరు, ఒక గడియారం కంటికెదురుగా ఉండాలి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వాలి. డాక్టరు సరేనంటే మర్నాడే లేపి కూర్చోబెట్టాలి, నడిపించాలి. మజ్జిగో, చోడి అంబలో, ఏది అలవాటైతే అది డాక్టరు ఒప్పుకోగానే పట్టించాలి. ఆపరేషన్‌కి ముందు కూడా 'రాత్రినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు' అన్న పాత నియమం ఎన్ని గంటలకో మత్తు డాక్టరునే అడగాలి. చాలామందికి రెండు గంటల ముందు వరకూ నీళ్లు తాగనివ్వవచ్చని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మాట్లాడే తీరూ ముఖ్యమే. 'ఆవులెక్కడున్నాయి? మతి పోయిందా నీకు?' అని గదమాయిస్తే భయం రెట్టింపవుతుంది. 'కట్టీసినాం అయ్యా. ఇది ఆస్పత్రి. నాను నీ కొడుకుని. కాలికి ఆపరేషనైంది' అని నెమ్మదిగా, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్పాలి. మెలకువలో ఉన్నప్పుడు మొన్నటి సిరిమాను పండక్కి ఎవరెవరొచ్చారో కదిలించండి, ఎంత చక్కగా చెబుతారో! చేతులు మంచానికి కట్టేయడం ఆఖరి మార్గంగా కూడా ఆలోచించాల్సిందే. కట్టినకొద్దీ పెనుగులాట పెరుగుతుంది.

దాచిపెట్టే సంగతులు

ఇంకో విషయం. ఇది కాస్త ఇబ్బందికరమైనదే. 'మీ నాన్నగారికి తాగుడు అలవాటుందా?' అని మత్తు డాక్టరు అడిగితే, పక్కన పెద్దమనుషులున్నారని 'అబ్బే, లేదండీ' అంటారు కొడుకులు. రోజూ సాయంత్రం మందో కల్లో పడితే తప్ప ముద్ద దిగని మనిషికి ఆసుపత్రిలో అది ఒక్కసారిగా ఆగిపోతే, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఒళ్లంతా వణుకుతో, చెమటలతో భయంకరమైన సంధి రావచ్చు. ప్రాణాపాయం కూడా. దీనికి వైద్యం వేరు. పైన వద్దన్న నిద్రమాత్రల రకం మందులే ఇక్కడ ప్రాణం కాపాడతాయి. నిజం తెలియకపోతే డాక్టరు ఆ దారి పట్టలేరు. ఏళ్ల తరబడి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నిద్రమాత్రలూ అంతే... హఠాత్తుగా ఆపితే ముప్పే. మన ప్రాంతంలో అడ్డపొగ చుట్ట కాల్చే మామ్మలున్నారు. ఆ సంగతీ చెప్పాలి. వేసుకుంటున్న మందులన్నీ, ఆకుపసరుతో సహా, సంచిలో వేసుకుని వెళ్లి చూపించడం అన్నిటికంటే తేలిక.

2023 సెప్టెంబరులో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నెల్లిమర్లలో మిమ్స్ అంతకు చాలా ముందునుంచే ఉంది. వైద్యం ఇంటికి దగ్గరైతే తోడుండే మనిషి మార్చుకోవడమూ సులువే. ఆపరేషన్‌కి ముందు డెబ్భై దాటిన ప్రతి ఒక్కరి జ్ఞాపకశక్తినీ అయిదు నిమిషాలు పరీక్షించి కేస్ షీట్లో రాయడం, రాత్రి పదింటికి వార్డులో లైట్లు తగ్గించడం... ఇవి యంత్రాలు కావాల్సిన పనులు కావు.

చాలామందిలో సంధి కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది. కొందరికి వారాలు పడుతుంది. తగ్గాక కొందరికి ఏదీ గుర్తుండదు. మరికొందరికి అంతా గుర్తుంటుంది. కోడలిని ఏదో అన్నానని, అందరి ముందూ బట్టలు లాగేసుకున్నానని సిగ్గుతో కుమిలిపోతారు, పైకి చెప్పరు. 'అది నువ్వు కాదు అయ్యా, ఆ జబ్బు' అని ఎవరో ఒకరు వాళ్లకి చెప్పాలి. దాన్ని జోకులా చుట్టాలందరికీ చెప్పుకోవడం ఆపాలి. నెల దాటినా మాట తడబడుతుంటే, లెక్కలు తప్పుతుంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. డిశ్చార్జి కాగితంలో 'డెలీరియం వచ్చింది' అన్న ఒక్క ముక్క రాయించుకోవడం మర్చిపోవద్దు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. రెండేళ్ల తర్వాత రెండో మోకాలికో, ప్రోస్టేట్‌కో ఆపరేషన్ అన్నప్పుడు మత్తు డాక్టరు చేతికి మొట్టమొదట ఇవ్వాల్సిన కాగితం అదే.